విమానం దిగింది, ఫోనెందుకు కలవదు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. ఎయిర్‌పోర్టులో, ఆగి ఉన్న విమానంలో ఫోన్ సిగ్నల్ ఎందుకు సతాయిస్తుంది అని. నేను కొన్నేళ్లు పెద్ద భవనాల లోపల సిగ్నల్ పెట్టే పనుల మీద తిరిగినవాణ్ణి, అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మ డాలస్‌లో మా అన్నయ్య దగ్గర ఆరు నెలలు ఉండి మొన్ననే తిరిగొచ్చింది. హైదరాబాద్‌లో విమానం దిగిందని యాప్‌లో చూశాను. అప్పట్నుంచి గంటన్నర సేపు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ "మీరు డయల్ చేసిన నంబర్ మనుగడలో లేదు" అనే వచ్చింది. అమ్మ గురించి ఆ మాట వినడానికే ప్రాణం పోయినట్టయింది. చివరికి అమ్మ ట్రాలీ తోసుకుంటూ బయటికొచ్చి తనే నన్ను వెతుక్కుంది. ఫోన్ ఆన్‌లోనే ఉంది. ఏం జరిగి ఉంటుందండీ?
(ఒక పాఠకురాలు, నిజామాబాద్)

జవాబు: అమ్మా, మీకు వినిపించిన ఆ ఒక్క వాక్యంలోనే జవాబు ఉంది. ఫోన్ చేసినప్పుడు వచ్చే మూడు రకాల మాటలకు మూడు వేరువేరు అర్థాలున్నాయి, వీటిని ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. "స్విచాఫ్ చేసి ఉంది" అని వస్తే చాలావరకు ఆ ఫోన్‌ను పద్ధతిగా ఆపారనో, ఫ్లైట్ మోడ్‌లో పెట్టారనో అర్థం, ఎందుకంటే ఫోన్ అలా వెళ్లేటప్పుడు "నేను వెళ్తున్నాను" అని నెట్‌వర్క్‌కు ఒక కబురు పంపుతుంది. "కవరేజ్ ఏరియాలో లేరు" అంటే ఆ కబురు పంపకుండానే సిగ్నల్ అందని చోటికి వెళ్లిపోయిందని. లిఫ్టులో, సెల్లార్‌లో, విమానం లోపల జరిగేది ఇదే. "మనుగడలో లేదు" అనే మాటకు మాత్రం విమానంతో, ఎయిర్‌పోర్టుతో సంబంధం లేదు. మీ అమ్మగారి సిమ్‌ను కంపెనీ మూసేసింది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ సిమ్ మీద కాల్, మెసేజ్, డేటా ఏదీ లేకుండా 90 రోజులు గడిస్తే కంపెనీ ఆ నంబరును మూసేయవచ్చు. బ్యాలెన్స్‌లో 20 రూపాయలు ఉంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు పొడిగిస్తారు, బ్యాలెన్స్ కూడా లేకపోతే అంతే. పిల్లల దగ్గరికి వెళ్లిన మన తల్లిదండ్రులు చేసేది చూడండి. అక్కడ దిగగానే కొడుకో కూతురో అమెరికా సిమ్ వేస్తారు, ఇండియా సిమ్‌ను ఒక చిన్న కాగితంలో చుట్టి పర్సులో పెడతారు, ఆరు నెలల తర్వాత తిరుగు ప్రయాణంలో విమానంలోనే దాన్ని మళ్లీ ఫోన్‌లో వేసుకుంటారు. అప్పటికే అది చచ్చిపోయి ఉంటుంది. ఇది ఎన్ని ఇళ్లలో చూశానో చెప్పలేను. బ్యాంకు ఓటీపీలు, గ్యాస్ బుకింగ్, ఆధార్ అన్నీ ఆ నంబరు మీదే ఉంటాయి, కొన్నాళ్లకు అదే నంబరును వేరేవాళ్లకు ఇచ్చేస్తారు కూడా. అందుకని ఈ పని ఇవాళే చేయండి, అమ్మగారి ఆధార్ పట్టుకుని కంపెనీ స్టోర్‌కు వెళ్లి నంబరు తిరిగి తీసుకోవడానికి వీలుందేమో అడగండి. ఈసారి వెళ్లేటప్పుడు ఏడాది ప్లాన్ రీచార్జ్ చేసి, అప్పుడప్పుడు ఆ సిమ్‌ను ఫోన్‌లో వేసి రోమింగ్ ఆన్ చేయమని అన్నయ్యకు చెప్పండి. ఒక మెసేజ్ పంపినా వాడినట్టే లెక్క.

సిమ్ బాగానే ఉన్నా దిగిన వెంటనే ఫోన్ కలుస్తుందని మాత్రం అనుకోకండి. విమానం అంటే చాలావరకు అల్యూమినియం గొట్టం. సిగ్నల్ లోహాన్ని దాటదు, కిటికీల గుండా దూరాలి. కిటికీ పక్క సీటులో ఉన్నవాళ్లకు ఫోన్ కలిసి, నడవా పక్కన కూర్చున్నవాళ్లకు కలవకపోవడం అందుకే. బోయింగ్ 787 లాంటి కొత్త విమానాల శరీరం కార్బన్ ఫైబర్‌తో చేస్తారు కానీ, పిడుగు పడితే తట్టుకోవడానికి అందులోనూ లోహపు జాలీ పొదుగుతారు, కాబట్టి అక్కడా పెద్ద తేడా ఉండదు. దానికి తోడు ఫ్లైట్ మోడ్ తీసిన ఫోన్ ముందు తనకు బాగా గుర్తున్న నెట్‌వర్క్ కోసం వెతుకుతుంది, అది దొరక్క ఒక్కో బ్యాండ్ (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీల వరస) తిరిగి చూసుకుంటుంది. అదే నిమిషంలో రెండొందల మంది ఫోన్లు ఒకే టవర్ తలుపు తడుతుంటాయి. ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్ దగ్గర ఫోన్ వాడొద్దని బోర్డులుంటాయి, పెద్దవాళ్లు భయపడి పూర్తిగా ఆపేస్తారు. ఇవన్నీ కలిపితే విదేశాల నుంచి వచ్చేవాళ్లకు గంట, గంటన్నర ఫోన్ కలవకపోవడం మామూలే. ఫోన్ కలిసినా కలవకపోయినా ఎక్కడ నిలబడాలో ముందే ఒక చోటు అనుకోండి.

ప్రశ్న: ఒక పెద్ద ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ గేటు దగ్గర కూర్చున్నాను. ఫోన్‌లో నాలుగు గీతలున్నాయి, వాట్సాప్ మెసేజ్ మాత్రం పోవడం లేదు. ఉచిత వైఫై పెట్టుకుందామంటే ఓటీపీ అడుగుతుంది, ఆ ఓటీపీ రావాలంటే సిగ్నల్ కావాలి. బయట రోడ్డు మీద మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. అంతా అద్దాల భవనమే కదా, లోపలికెందుకు రాదు?
(ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

జవాబు: అద్దం కాబట్టే రాదు. ఇలాంటి భవనాల్లో ఎండ వేడి లోపలికి రాకుండా అద్దానికి కంటికి కనపడని పల్చటి లోహపు పూత వేస్తారు. వెలుతురు వస్తుంది, సిగ్నల్ మాత్రం వందో వంతుకు, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. పోనీ దగ్గర్లో ఎత్తైన టవర్ కడదామా అంటే రన్‌వే చుట్టుపక్కల ఏది కట్టాలన్నా ఎత్తుకు హద్దులున్నాయి, విమానాశ్రయాల సంస్థ దగ్గర ఎన్‌వోసీ తీసుకోవాలి.

కాబట్టి లోపల మీకొచ్చే సిగ్నల్ చాలావరకు వైర్ల మీద వచ్చేదే. దాన్ని మా పనిలో ఐబీఎస్ (ఇన్-బిల్డింగ్ సొల్యూషన్) అంటాం. ఈసారి వెళ్లినప్పుడు తల పైకెత్తి సీలింగ్ చూడండి, బోర్లించిన చిన్న గిన్నె లాంటి తెల్లటి డబ్బాలు కనపడతాయి. పొగను పసిగట్టే పరికరాలు కూడా అలాగే ఉంటాయి, వాటికి చిన్న లైటు మెరుస్తుంటుంది, యాంటెనాకు మామూలుగా అది ఉండదు. ఆ గిన్నె వెనక సీలింగ్ లోపల వేలు లావు నల్ల కేబుల్ పోతూ పోతూ ఎక్కడో ఒక ఏసీ గదిలో ఉన్న యంత్రాల దగ్గర తేలుతుంది. మేము రాత్రి రద్దీ తగ్గాక టెస్ట్ ఫోన్ పట్టుకుని నాలుగడుగులకోసారి ఆగి సిగ్నల్ బలం చెప్పే అంకె (డీబీఎంలలో) రాసుకునేవాళ్లం. గిన్నె కింద మైనస్ 65, స్తంభం వెనక్కి వెళితే మైనస్ 85, అలా. ఏరోబ్రిడ్జి ఉంది కదా, విమానం తలుపు దాకా తీసుకెళ్లే ఆ ఇనుప సొరంగం, దాని మొదట్లో మైనస్ 80 ఉన్న అంకె తలుపు దగ్గరికి వచ్చేసరికి మైనస్ 110 అయ్యేది. పది తగ్గిన ప్రతిసారీ బలం పదో వంతు అవుతుంది. అంటే ఆ కాస్త దూరంలోనే వెయ్యో వంతుకు పడిపోయినట్టు. లైను కదలక జనం నిలబడిపోయేది, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేద్దామనుకునేది సరిగ్గా అక్కడే.

మీ నాలుగు గీతల సంగతికొస్తాను. తిరుమలలో లడ్డూ కౌంటర్ దూరం నుంచి కనపడుతుంది, బోర్డు కూడా చదవగలం. దాని ముందు లైనులో ఎంతమంది ఉన్నారనేది వేరే విషయం. గీతలు చెప్పేది కౌంటర్ కనపడుతుందని మాత్రమే. పక్కపక్క గేట్లలో మూడు విమానాలు ఆలస్యమై, ఐదారు వందల మంది కూర్చుని వీడియోలు చూస్తుంటే ఆ యాంటెనా మీద మీ వంతు రాదు. ఇంకోటి, గీతలు కొలిచేది అటునుంచి మీకొచ్చే సిగ్నల్‌ను. మీ ఫోన్ అటు పంపే బలం 4జీలో మామూలుగా 0.2 వాట్లు మించదు. యాంటెనా గొంతు మీకు వినపడినా మీ గొంతు దానికి వినపడకపోవచ్చు.

ఇక ఒక కంపెనీ సిమ్ లోపల బాగా పనిచేసి ఇంకోటి పనిచేయకపోవడం వెనక చాలాసార్లు సాంకేతిక కారణమేమీ ఉండదు. భవనం యజమానికీ ఫోన్ కంపెనీకీ అద్దె కుదరలేదన్నమాట. దీని మీద నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. టికెట్‌లో ప్రయాణికుడి దగ్గర యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు వసూలు చేస్తున్నప్పుడు, నీళ్లు, బాత్‌రూమ్ ఎలాగో అన్ని కంపెనీల సిగ్నలూ అలాగే ఉండాలి. 2024 అక్టోబర్‌లో ట్రాయ్ భవనాలకు లోపలి సిగ్నల్‌ను బట్టి స్టార్ రేటింగ్ ఇచ్చే నిబంధనలు తెచ్చింది, ఎయిర్‌పోర్టులు కూడా అందులోకి వస్తాయి. ప్రయాణికులు అడిగితేనే అది ముందుకు కదులుతుంది.

వైఫై ఓటీపీ బాధకు దారి ఉంది. వైఫై వాడేవాళ్లెవరో తెలియాలన్న భద్రతా కారణంతో నంబరు అడుగుతారు, తప్పించుకోలేం. లోపలికి వచ్చాక కాదు, చెక్-ఇన్ దగ్గర, అంటే బయటి సిగ్నల్ ఇంకా కాస్త అందే చోటే కనెక్ట్ అవ్వండి. రెండు సిమ్‌లుంటే రెండో నంబరు ఇచ్చి చూడండి. ఒకసారి వైఫై వచ్చాక సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో మన దగ్గర దీన్ని మొదలుపెట్టాయి. మామూలు కాల్స్ వైఫై మీదుగానే పోతాయి, చాలా ఫోన్లలో బ్యాంకు ఓటీపీలు కూడా వచ్చేస్తాయి. విడిగా డబ్బు లేదు.

ప్రశ్న: మాది గన్నవరం ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉన్న కేసరపల్లి. విజయవాడలో ఉన్న మా బంధువులకు 5జీ పరుగులు పెడుతుంది, మా ఇంట్లో అంత వేగం లేదు. విమానాల వల్లే అంటున్నారు. నిజమేనా? ఆన్‌లైన్‌లో సిగ్నల్ బూస్టర్ అమ్ముతున్నారు, కొనమంటారా?
(ఒక పాఠకుడు, కేసరపల్లి)

జవాబు: నిజం అయ్యుండే అవకాశం ఉంది. విమానం కిందికి దిగుతున్నప్పుడు నేల ఎంత దూరంలో ఉందో చెప్పే పరికరాన్ని రేడియో ఆల్టిమీటర్ అంటారు. కిందికి తరంగాలు వదిలి, అవి నేలకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎత్తు లెక్కగడుతుంది. పొగమంచులో పైలట్‌కు అదే కన్ను. అది 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. మన దగ్గర వేగంగా వచ్చే 5జీ 3.3 నుంచి 3.67 మధ్య నడుస్తుంది. మధ్యలో ఖాళీ ఉన్నా, పాత ఆల్టిమీటర్లకు పక్క చప్పుళ్లను ఆపే ఫిల్టర్లు సరిగా ఉండవు. అందుకే 2022 నవంబర్‌లో టెలికాం శాఖ కంపెనీలకు ఉత్తరం రాసింది: రన్‌వే రెండు కొసల నుంచి 2.1 కిలోమీటర్లు, రన్‌వే మధ్య గీత నుంచి అటూ ఇటూ 910 మీటర్ల లోపు ఈ బ్యాండ్‌లో 5జీ యాంటెనాలు పెట్టొద్దు, ఆ తర్వాత ఇంకో 540 మీటర్ల దాకా బలం తగ్గించి పెట్టాలి అని. మీ ఇల్లు ఆ గీతల లోపల ఉంటే కారణం అదే కావచ్చు.

ఇది వట్టి భయం అనుకోకండి. అదే ఏడాది జనవరి 19న అమెరికాలో ఇలాంటి 5జీ మొదలవుతున్న రోజున ఎయిరిండియా అమెరికా వెళ్లే కొన్ని విమానాలు రద్దు చేసింది. ఢిల్లీలో, ముంబైలో బ్యాగులు సర్దుకుని ఆగిపోయినవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. కాబట్టి ఆ హద్దు మీ ఇంటి మీదుగా దిగే ప్రతి ఒక్కరి ప్రాణానికి సంబంధించింది. మీ వీధికి ఇబ్బందే, ఒప్పుకుంటాను, అయినా నేను ఆ నిర్ణయం వైపే నిలబడతాను.

జియో 5జీని 700 మెగాహెర్ట్జ్ మీద కూడా నడుపుతుంది, దానికి ఈ హద్దు లేదు. వేగం కాస్త తక్కువైనా గోడలు బాగా దాటుతుంది. ఎవరిదైనా ఆ సిమ్ తెచ్చి ఒకరోజు ఇంట్లో పెట్టి చూడండి. ఇంటర్నెట్‌కైతే ఫైబర్ కనెక్షన్ మేలు.

బూస్టర్ మాత్రం కొనొద్దు. అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం. నాసిరకం బూస్టర్ ఒక్కటి పెడితే చుట్టుపక్కల వీధులన్నిటికీ సిగ్నల్ చెడుతుంది. ఎయిర్‌పోర్టు గోడ పక్కన అలాంటి పని అసలే చేయకూడదు.

ప్రశ్న: ఫ్లైట్ మోడ్ పెట్టకపోతే నిజంగా ఏమైనా అవుతుందా?
(అనంతపురం)

జవాబు: ఒక్క ఫోన్ వల్ల విమానం పడిపోదు. కానీ పాత 2జీ ఫోన్లు రేడియో పక్కన పెడితే గుర్రుమని మోత వచ్చేది, గుర్తుందా, పైలట్ చెవుల్లో ఆ మోత వస్తే కంట్రోల్ టవర్ చెప్పే ఒక అంకె వినపడకపోవచ్చు. అమెరికాలో 1991లోనే గాల్లో సెల్‌ఫోన్ వాడకాన్ని నిషేధించింది ఇంకో కారణంతో. పైనుంచి ఫోన్‌కు ఒకేసారి చాలా టవర్లు కనపడి, కింద ఉన్నవాళ్ల నెట్‌వర్క్ గందరగోళం అవుతుందని. పెట్టేయండి, మీ బ్యాటరీ కూడా మిగులుతుంది.

ప్రశ్న: ఢిల్లీలో పొగమంచు వల్ల విమానంలో ఎక్కించి రెండు గంటలు కదలకుండా కూర్చోబెట్టారు. ఫోన్ పెద్దగా వాడలేదు, అయినా 60 శాతం ఉన్న చార్జింగ్ 20కి పడిపోయింది. బ్యాటరీ పోయినట్టేనా?
(రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కర్నూలు)

జవాబు: బ్యాటరీ తప్పు కాకపోవచ్చు మాస్టారూ. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు ఫోన్ గొంతు పెంచుకుని అరుస్తుంది, దొరక్కపోతే మళ్లీ మళ్లీ వెతుకుతుంది. జేబులో ఊరికే ఉన్నా ఈ పని ఆగదు. ఆగి ఉన్న విమానంలో ఇదే జరుగుతుంది. ఈసారి అలా చిక్కుకుంటే కిటికీ దగ్గరున్నవాళ్లను అడిగి ఒక్క నిమిషం అక్కడి నుంచి "ఆలస్యం అవుతుంది, నేను ఫోన్ చేసేదాకా చేయకండి" అని మామూలు ఎస్సెమ్మెస్ పంపండి. వాట్సాప్ తిరుగుతూ ఉండిపోయే చోట కూడా ఎస్సెమ్మెస్ వెళ్లిపోతుంది, దానికి కావాల్సిన సిగ్నల్ చాలా తక్కువ. తర్వాత ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, అరగంటకోసారి తీసి చూసుకోండి. దిగాక క్యాబ్ ఓటీపీకి ఆ చార్జింగే కావాలి.

ప్రశ్న: మా తమ్ముడు మొదటిసారి దుబాయ్ పోతున్నాడు. ఇంగ్లిష్ రాదు, ఫోన్‌లో అన్నీ వాట్సాప్‌లోనే పెట్టుకున్నాడు. అక్కడ దిగినంక ఫోన్ కలవకుంటే ఎట్లా? ఇంట్లో అమ్మ ఒక్కతే రంది పడుతుంది.
(ఒక అన్న, జగిత్యాల జిల్లా)

జవాబు: కలవదు అనుకునే బయల్దేరదీయండి, అప్పుడు కలిస్తే సంతోషం. మన సిమ్‌కు రోమింగ్ ప్యాక్ వేయించకపోతే అక్కడ పనిచేయదు, వేసినా దిగిన వెంటనే రాకపోవచ్చు. ఎయిర్‌పోర్టులో ఉచిత వైఫై ఉంది, కానీ యూఏఈలో వాట్సాప్ కాల్స్ పోవు. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది ఫోన్ పాడైందనుకుని కంగారు పడ్డారో. వాట్సాప్‌లో మెసేజ్, గొంతు రికార్డు చేసి పంపడం పనిచేస్తాయి. అమ్మకు ఆ వాయిస్ మెసేజ్ ఎలా వినాలో ఇంట్లో ముందే రెండుసార్లు చేసి చూపించండి.

వీసా, టికెట్, కంపెనీ పేరు, తీసుకుపోవడానికి వచ్చే మనిషి నంబరు కాగితం మీద ప్రింట్ తీయించండి. వాట్సాప్‌లో ఉన్న ఫోటో ఒక్కోసారి ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోదు, ఫోన్ గ్యాలరీలో కూడా దించి పెట్టండి. కాగితాలు రెండు సెట్లు, ఒకటి చొక్కా జేబులో, ఒకటి చేతి సంచిలో. అక్కడి నంబర్లు ముందు +971 పెట్టి రాయండి. దుబాయ్‌లో మన ప్రభుత్వ ప్రవాసీ సహాయ కేంద్రం నంబరు 800 46342, అక్కడి ఏ ఫోన్ నుంచైనా ఉచితం. అది కూడా పెద్ద అంకెలతో రాసివ్వండి. తమ్ముడి ఫోన్ పనిచేయకపోతే ఆ కాగితం అక్కడి గార్డుకు చూపిస్తే చాలు, మాట్లాడాల్సిన పని లేదు.

అమ్మకు ఇంకోటి చెప్పండి. టికెట్ మీద ఉన్న దిగే టైము దుబాయ్ టైము, మన గడియారం కంటే గంటన్నర వెనక. టికెట్ మీద పొద్దున 6 అని ఉంటే మన దగ్గర అప్పటికి ఏడున్నర. ఆ తర్వాత లైన్లు, లగేజీ, అంతా అయ్యేసరికి ఇంకో రెండు గంటలు వేసుకోండి. తొమ్మిదిన్నర దాకా ఫోన్ చూడొద్దని, ఈలోపు అన్నం తిని పడుకోమని చెప్పండి.